గట్టెక్కిన పడవకూ గండాలే

చలిదేశాల్లో పడవకు శత్రువు మంచు. శరదృతువు ముగుస్తుండగానే అక్కడివాళ్లు పడవను నీళ్లలోంచి తీసి, ఇంజన్లో చుక్క నీరు మిగలకుండా దింపి, గడ్డకట్టని ద్రవం పోసి, టార్పాలిన్ కప్పి పక్కన పెడతారు. నీరు మంచుగా మారితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పోత ఇనుముతో చేసిన ఇంజన్ దిమ్మె కూడా పగిలిపోతుంది. పడవను నిలవ ఉంచడం గురించి దొరికే సలహాలు చాలామటుకు ఈ ఒక్క భయం చుట్టూనే తిరుగుతుంటాయి. కోనసీమలో జనవరి తెల్లవారుజామున దుప్పటి కాస్త మీదికి లాక్కోవాలేమో గానీ గోదావరి గడ్డకట్టదు. అంతమాత్రాన ఇక్కడ కట్టేసిన పడవ క్షేమంగా ఉన్నట్టు కాదు.

గోదావరి డెల్టాలో పడవలకు ఏటా రెండు సెలవులున్నాయి. మొదటిది సముద్రం మీదికి వెళ్లే ఇంజన్ పడవలది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఒకప్పుడు నెలన్నరే ఉండేది, 2015లో రెండు నెలలకు పెంచారు. రెండోది నది మీద తిరిగే పడవలది. వరదతో ఎర్రనీరు వచ్చిన జులై నుంచి వరద తీసే దాకా విహార పడవలు ఒడ్డునే కట్టి ఉంటాయి. ఈ రెండు సెలవులకూ కావలసిన జాగ్రత్తలు దాదాపు ఒకదానికొకటి వ్యతిరేకం. వేసవి సెలవులో పడవ నీటికి దూరంగా ఎండలో ఎండుతుంది. వరద సెలవులో పడవ నీటిలోనే, తాడుకు వేలాడుతూ రోజులు గడుపుతుంది. మొదటిదాన్ని ఎండ నుంచి కాపాడుకోవాలి, రెండోదాన్ని నీటి నుంచి. రెండింటికీ ఒకే పద్ధతి పాటించేవాళ్లకు నష్టం తప్పదు. విచిత్రమేమంటే ఆ నష్టం సెలవు రోజుల్లో కనిపించదు. సెలవు అయ్యాక మొదటి ప్రయాణంలో, గట్టు కనుచూపు దాటాక బయటపడుతుంది.

ముందు వేసవి సంగతి. కాకినాడ, భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది రేవుల్లో ఏప్రిల్ మూడోవారానికి పడవలు బారులు తీరతాయి. సోన బోట్లు అనే పెద్ద మరపడవలు చెక్కవి, చిన్నవి ఎక్కువగా ఫైబర్‌వి. చెక్క పడవకు ఎండ కన్నా మొండి శత్రువు లేదు. నీళ్లలో ఉన్నంతకాలం పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. గట్టెక్కించి మే నెల ఎండకు వదిలేస్తే అవే పలకలు కుంచించుకుపోయి, మధ్యలో కూరిన పత్తి, గుగ్గిలం పొడిబారి రాలిపోతాయి. అందుకే పడవ మీద తాటాకు గానీ కొబ్బరి మట్టలు గానీ కప్పి నీడ కల్పించడం కొత్త రంగు వేయడం కన్నా ముందు చేయాల్సిన పని. టార్పాలిన్ కప్పితే అంచుల దగ్గర గాలి ఆడేలా ఎత్తి కట్టాలి. నాలుగు పక్కలా బిగించి కట్టిన టార్పాలిన్ కింద లోపలి తేమ బయటికి పోక, చెక్క ఒకపక్క ఎండుతూ ఇంకోపక్క పుచ్చిపోతుంది.

పుచ్చును పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చిన్న సుత్తి చాలు. ముక్కు దగ్గర మొదలుపెట్టి పలక వెంట జానెడు జానెడు దూరంలో తడుతూ వెళ్తే గట్టి చెక్క ఖణేల్మంటుంది. పుచ్చిన చోటికి రాగానే ఆ మోత మాయమై, తడిసిన బస్తాను కొట్టినట్టు దబ్బుమంటుంది. అక్కడ చాకు మొన గుచ్చి చూడాలి. మొన గింజుకోకుండా దిగిపోతే ఆ పలక మార్చాల్సిందే, పైన ఎన్ని పూతలు పూసినా లాభం లేదు. మేకు తల చుట్టూ ఎర్రటి తుప్పుచార కిందికి జారి ఉంటే లోపల మేకును తుప్పు సగం తినేసిందని అర్థం. ఉప్పునీటిలో కొయ్యను తొలిచే పురుగు ఇంకా మోసకారి. బయట కనిపించేది గుండుసూది తలంత రంధ్రమే, లోపల వేలు పట్టేంత సొరంగం ఉండవచ్చు. అడుగున అతుక్కున్న గుల్లలను పడవ తడిగా ఉండగానే గీకేయాలి. ఎండాక గీకితే రంగు, ఒక్కోసారి చెక్క పెళ్ల కూడా వాటితోపాటు ఊడి వస్తాయి.

ఫైబర్ పడవకు పుచ్చు పట్టదని ఒక నమ్మకం ఉంది. సగం నిజమే. పై పొర ఫైబర్ అయినా వెనక ఇంజన్ బిగించే పలకలో చాలా పడవలకు ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల నుంచి నీరు దిగి ఆ ప్లైవుడ్ లోలోపలే మెత్తబడుతుంది. ఇంజన్‌ను రెండు చేతులతో పట్టుకుని ముందుకు వెనక్కి బలంగా ఊపితే వెనక పలక కదిలిందా, బోల్టుల దగ్గర తడి ఊరిందా అన్నది తెలిసిపోతుంది. ఇసుక మీద ఈడ్చి ఈడ్చి అరిగిన అడుగు భాగాన్ని కూడా వేళ్లతో తడిమి చూడాలి. నార బయటికి తేలి గరుకుగా తగిలిన చోటల్లా నీరు లోపలికి దారి చేసుకుంటున్నట్టే. ఇసుక మీద పడవను అలాగే వదిలేయకుండా రెండు మూడు తాటి దుంగల మీద ఎక్కించి, బరువంతా ఒకచోట పడకుండా సర్దాలి. వీలైతే బోర్లించాలి. బోర్లించలేకపోతే అడుగున నీరు పోయే రంధ్రానికి ఉండే బిరడా తీసి ఉంచాలి.

ఆ బిరడా ఎందుకన్నది చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. 7 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న పడవ పైభాగం సుమారు 10 చదరపు మీటర్లు. ఒక రాత్రి 10 సెంటీమీటర్ల వాన పడితే అందులో చేరే నీరు ఘనపు మీటరు, అంటే టన్ను. దుంగల మీద ఉన్న పడవ ఆ బరువుకు నడుము విరుచుకుంటుంది. నీళ్లలో కట్టి ఉంచిన పడవైతే తెల్లవారేసరికి మునిగిపోయే ప్రమాదం ఉంది. నీళ్లు తోడే పంపు ఉందిగా అంటారు. రెండు నెలలుగా ఎవరూ చార్జి చేయని బ్యాటరీతో ఆ పంపు తిరుగుతుందా?

ఇంజన్ దగ్గర ఇక్కడి శత్రువు ఉప్పు. చివరి వేట నుంచి వచ్చిన రోజే చల్లదనం కోసం సముద్రపు నీరు తిరిగే గొట్టాల్లోకి మంచినీళ్లు పంపి పది పదిహేను నిమిషాలు ఇంజన్ నడపాలి. ఆలస్యమైతే ఉప్పు లోపలే పేరుకుని ఎండిపోతుంది. నూనె మార్చడంలో చాలామంది చేసే పొరపాటు, సెలవు అయ్యాక మారుద్దామని ఆగడం. వాడిన నూనెలో ఆమ్లాలు, తేమ ఉంటాయి. రెండు నెలలు కదలకుండా ఉన్న ఇంజన్లో అవి బేరింగులను తింటూ కూర్చుంటాయి. కాబట్టి పాత నూనె తీసి కొత్తది పోశాకే ఇంజన్‌ను పడుకోబెట్టాలి. వెనక బిగించే ఇంజన్లలో గేర్ నూనె కాస్త బయటికి తీసి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. అది పాలు కలిపిన టీ రంగులో ఉంటే షాఫ్టు సీలు పోయి నీరు దూరిందన్నమాట. డీజిల్ ట్యాంకును నిండుగా ఉంచాలి. ఖాళీ ఉంటే ఆ ఖాళీలోని గాలి రాత్రి చల్లబడి తేమ కారుస్తుంది, ఆ నీటి పొరలో నల్లటి జిగురు పెరిగి ఫిల్టర్‌ను మూసేస్తుంది. పెట్రోలు సంగతి వేరు, అది నిలవ ఉంటే చెడిపోతుంది, కార్బురేటర్‌ను ఖాళీ చేసి పెట్టాలి. తీసిన పెట్రోలు డబ్బాను ఇంట్లో పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఉంచడం తాటాకు ఇళ్లున్న ఊళ్లలో ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అయినా చాలాచోట్ల డబ్బా అక్కడే ఉంటుంది. అడుగున తుప్పును తమ మీదికి తీసుకునే జింకు పలకలకు రంగు పూయకూడదు. పూస్తే అవి పనిచేయవు, తుప్పు నీళ్లలో తిరిగి పడవను నడిపే పంకా మీదికి, దాన్ని తిప్పే షాఫ్టు మీదికి పోతుంది.

ఇంత చేయడానికి డబ్బు కావాలి. నిషేధ కాలానికి మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 20,000 రూపాయలకు పెంచింది. రెండు నెలల ఇంటి ఖర్చు, పిల్లల పుస్తకాలు, పాత అప్పు వడ్డీ పోగా పడవకు ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు. అందుకే మరమ్మతు జూన్ రెండోవారం దాకా వాయిదా పడుతుంది, అప్పటికి మెకానిక్ చుట్టూ ఊరంతా ఉంటుంది. చేతి ఖర్చులేని పనులను ఏప్రిల్‌లోనే ముగించడం ఒక్కటే దీనికి విరుగుడు. సుత్తితో తట్టి చూడటం, మంచినీళ్లతో కడగడం, నీడ వేయడం, బ్యాటరీ తీగలు విప్పడం ఖర్చుతో పనిలేనివే.

సెలవుల్లో అందరూ మరిచిపోయేవి లైఫ్ జాకెట్లు. ఒక మనిషిని ముఖం పైకి ఉండేలా తేల్చడానికి పెద్ద జాకెట్టు సుమారు 100 న్యూటన్ల తేలుడు బలం ఇవ్వాలి, అంటే దాదాపు 10 కిలోల బరువును మోసేంత. ఆ బలమంతా లోపలి నురుగు పలకదే. బల్ల మీద మెత్తగా ఉంటుందని రోజూ దాని మీదే కూర్చుంటే నురుగు అణగారిపోతుంది. పడవ పైకప్పు మీద ఎండకు పడేస్తే గుడ్డ పొడిబారి పట్టీలు చేత్తో లాగితేనే తెగుతాయి. నీడలో వేలాడదీసి, నిలవ నుంచి తీశాక ఒకదాన్ని కాలువలో వేసుకుని తేలి చూస్తే అనుమానం తీరిపోతుంది. సముద్రం మీదికి వెళ్లేవాళ్లు ప్రమాద సంకేతం పంపే పరికరం బ్యాటరీని కూడా అప్పుడే చూసుకోవాలి. తీర రక్షక దళం అత్యవసర నంబరు 1554 ఫోనులో ఉంటే చాలదు, పడవ లోపలి గోడ మీద రంగుతో రాసి ఉండాలి. తడిసిన ఫోనులోంచి నంబరు వెతకడం ఎవరి వల్లా కాదు.

ఇక నది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు 10 లక్షల ఘనపు అడుగుల నీరు. ఈ లెక్కలు డెల్టాలో చిన్నపిల్లలకు కూడా నోటికి వస్తాయి. అయితే ఇవి గట్ల కోసం, నది మధ్యనున్న లంకల కోసం పెట్టుకున్న గీతలు. పడవ కోసం కాదు. 2019 సెప్టెంబరు 15న డెల్టాకు ఎగువన, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగిన రోజున గోదావరిలో ప్రవాహం దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరికలో సగం. పడవలో ఉన్న 77 మందిలో 26 మందే బతికి బయటపడ్డారు, వాళ్లను ఆదుకున్నది తమ పడవల్లో వెళ్లిన ఆ చుట్టుపక్కల గ్రామాలవాళ్లు. కొండల మధ్య నది ఇరుకై, లోతై, మలుపు తిరిగే చోట సగం వరద కూడా సుడులు రేపుతుంది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ పడవను పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. హెచ్చరిక రాలేదు కాబట్టి పడవ కదలవచ్చు అనే తర్కం ఎంత బోలుదో చెప్పడానికి ఆ 5 లక్షల అంకె చాలు. పడవకు వేరే గీత ఉండాలి, అది ప్రవాహం వేగాన్ని బట్టి, ఇంజన్ సత్తాను బట్టి ఉండాలి. నిలకడ నీటిలో గంటకు 10 కిలోమీటర్లు పోయే పడవ, 8 కిలోమీటర్ల వేగంతో వచ్చే వరదకు ఎదురెళ్తే గట్టు మీద చెట్టు దాటడానికే ఆపసోపాలు పడుతుంది. మలుపులో నీటి వేగం కాస్త పెరిగిందంటే వెనక్కే కొట్టుకుపోతుంది.

ఆ రోజుల్లో పడవను కట్టి ఉంచడం కూడా అంత తేలిక కాదు. ప్రవాహ వేగం రెండింతలైతే పడవ మీద పడే తోపుడు నాలుగింతలవుతుంది. మామూలు రోజుల్లో సరిపోయిన మోకు వరదలో సరిపోకపోవడానికి కారణం అదే. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరానికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. కాబట్టి అక్కడి మట్టం వార్తల్లో విన్న రోజే తాళ్లు చూసుకోవాలి. పొట్టిగా కట్టిన పడవను నీరు పెరిగే కొద్దీ తాడు కిందికి పట్టి లాగుతుంది, ముక్కు మునిగి నీళ్లు ఎక్కుతాయి. పొడవుగా కడితే పడవ ప్రవాహంలోకి ఊగి, కొట్టుకువచ్చే మానుకు అడ్డం పడుతుంది. ముక్కు నుంచి ఎగువకు ఒకటి, వెనక నుంచి గట్టుకు ఒకటి, వేర్వేరు చెట్లకు కట్టి, నీరు పెరిగినప్పుడల్లా వదులు చేస్తూ, తీసినప్పుడల్లా బిగిస్తూ ఉండాలి. అంటే రాత్రి కూడా ఒక మనిషి అక్కడ ఉండాలి. నీరు తీసేటప్పుడు అజాగ్రత్త ఎక్కువ. వరద తగ్గిందని నిద్రపోయిన మర్నాడు పడవ గట్టు వాలు మీద పక్కకు ఒరిగి ఉంటుంది. తాళ్లలో నైలాన్‌ది సాగి కుదుపును తట్టుకుంటుంది. నీలం, పసుపుపచ్చ రంగుల్లో చవకగా దొరికే ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కుతుంది. చేత్తో మెలితిప్పితే పొడి రాలుతోందంటే దాన్ని బట్టలు ఆరేసుకోవడానికి వాడుకోవచ్చు.

లంకల్లో పడవకు ఈ రెండో సెలవు కూడా లేదు. చించినాడ, యానాం–ఎదుర్లంక వంటి వంతెనలు వచ్చాక చాలా రేవులు మూతపడినా నర్సాపురం–సఖినేటిపల్లి మధ్య, కోటిపల్లి–ముక్తేశ్వరం మధ్య పంట్లు, అంటే మనుషులనూ వాహనాలనూ దాటించే బల్లకట్టు పడవలు, తిరుగుతూనే ఉన్నాయి. చాకలిపాలెం వైపు నుంచి కనకాయలంక వెళ్లే కాజ్‌వే వరదకు మునిగిన రోజున లంకవాసికి పడవే దారి. పాల క్యాను, పచ్చగడ్డి మోపు, బడి పిల్లలు, మోటారు సైకిలు అన్నీ ఒకే పడవలో. 2018 జులై 14న గౌతమీ పాయలో పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలున్న పడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభాన్ని ఢీకొని బోల్తాపడింది. వంతెన పూర్తయితే పడవ అక్కరే ఉండదు. పూర్తి కానంతవరకు ఆ స్తంభమే పడవకు గండం. ప్రవాహంలో నిలబడి ఉన్న ఏ స్తంభానికైనా ఎగువన పడవ అడ్డంగా పోకూడదు. ఇంజన్ ఆగిన మరుక్షణం నీరే దాన్ని స్తంభానికి తీసుకెళ్లి అదిమేస్తుంది. దాటడమంటూ జరిగితే దిగువన దాటాలి.

అదే ఏడాది మే 15న గోదావరి మీద మంటూరు దగ్గర లాంచీ మునగడానికి వరద కారణం కాదు, ఈదురుగాలి. తడవకూడదని లోపలివాళ్లు తలుపులు, కిటికీలు మూసుకున్నారు. మూసిన లాంచీ పక్కభాగం గాలికి తెరచాపలా పనిచేస్తుంది, ఒరిగాక బయటికి దారి కూడా ఉండదు. మే సాయంత్రాల్లో వాయవ్యాన మబ్బు కమ్మితే తడవడమే మేలు. కిటికీలు తెరిచి ఉంచి, దగ్గరున్న గట్టుకు చేర్చాలి. లాంచీ నడిపే సరంగు ఈ మాట చెబితే ప్రయాణికులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వాలి.

పులస సంగతి చెప్పకుండా గోదావరి వరద గురించి రాయడం కుదరదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తినేవాళ్లది, పట్టేవాళ్ల సంగతి వేరు. సముద్రం నుంచి ఆ చేప ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చేది సరిగ్గా పడవలు ఒడ్డున ఉండాల్సిన నెలల్లోనే. ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంటే నావ కట్టేసి కూర్చోమని చెప్పేవాళ్ల మాట ఎవరూ వినరు. కనీసం పంకాకు వల చుట్టుకున్నప్పుడు కోయడానికి నడుముకు చాకు, పడవలో తెడ్లు, లంగరు ఉంటే చాలావరకు నెట్టుకురావచ్చు. లంగరును ముక్కు నుంచే వేయాలి. వెనక నుంచి వేస్తే ప్రవాహం వెనక పలక మీదుగా ఎక్కి నిమిషంలో పడవను నింపేస్తుంది. నది సముద్రంలో కలిసే మొగల దగ్గర పాటు వేళ నది నీరు బయటికి తోస్తుంటే, సముద్రం కెరటం లోపలికి వస్తుంటుంది. రెండూ తలపడే ఇసుక తిన్నె మీద కెరటాలు నిలువుగా లేచి విరుగుతాయి. పోటు వచ్చేదాకా ఒడ్డున ఆగితే అదే మొగ మెత్తగా ఉంటుంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చేది సెలవు కాదు, తుపాను. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమను, సముద్రంలో ఉన్న ఎన్నో పడవలను కబళించింది. ఇప్పుడు హెచ్చరికలు రోజుల ముందే వస్తున్నాయి కాబట్టి పడవను దాచుకోవడానికి వ్యవధి ఉంది. చిన్న పడవలను కోరంగి మడ అడవుల పాయల్లాంటి చోటికి తెచ్చి, ఇంజన్ విప్పి ఇంటికి చేర్చాలి. పడవకూ పడవకూ మధ్య టైర్లు వేలాడదీయాలి. పది పడవలను ఒకే మోకుకు గుత్తిగా కడితే మొదటిది తెగగానే పదీ పోతాయి. గాలికి ఎగిరిపోయే తేలికపాటి చెక్క నావను లోతులేని చోట నీళ్లు నింపి ముంచి ఉంచడం పాత పద్ధతే అయినా మంచిదే. మునిగిన నావను గాలి ఏమీ చేయలేదు.

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే పడవలన్నీ ఒక్కసారిగా కదులుతాయి. అప్పటికి నైరుతి రుతుపవనాలు దాదాపుగా వచ్చేసి ఉంటాయి, సముద్రం మెత్తగా ఉండదు. రెండు నెలలు ఎండిన చెక్క పడవను ఆ రాత్రే దించి ఆ రాత్రే వేటకు తీసుకుపోవడం తగదు. ఒకటి రెండు రోజుల ముందే రేవులో దించి, కారుతున్న నీటిని తోడుతూ, పలకలు ఉబ్బి సందులు మూసుకునేదాకా ఉంచాలి. రెండోరోజుకు కూడా నీరు అదే లెక్కన వస్తుంటే సందుల్లో కాదు, పలకలో లోపముంది. ఫైబర్ పడవకు ఇంత తతంగం లేదు. దానికి జరిగే ప్రమాదం వేరు, కాస్త నవ్వు తెప్పించేది కూడా. వానకోసమని ఏప్రిల్‌లో తీసిన అడుగు బిరడాను పెట్టడం మరిచిపోయి నీళ్లలోకి తోసేస్తారు. తీసిన రోజే దాన్ని ఇంజన్ తాళంచెవికి తాడుతో ముడేసి ఉంచితే, బిరడా చేతికి రాకుండా ఇంజన్ కదలదు.